బల్ల చివర దుంగ

హొక్కైడో, జపాన్
జనవరి మొదటి వారం

మావయ్యకి అరుణశ్రీ నమస్కారాలు.

నేను క్షేమం. నువ్వు, అత్తయ్య, మరదలు పద్మిని క్షేమమని తలుస్తాను. ఫోన్లో మాట్లాడితే సగం తెలుగు, సగం బర్మా మాట అయిపోతోందని, ఏదైనా కాగితం మీదే రాయాలని నువ్వు పెట్టిన షరతు మర్చిపోలేదు. రాసి, ఫొటో తీసి పద్మిని ఫోనుకి పంపుతున్నాను. పబేడాన్ బజార్లో దాని కొట్టు పక్కనే ప్రింటు తీసేవాడున్నాడు కాబట్టి కరెంటు ఉన్న పూట నీ చేతికి అందుతుంది.

ఇక్కడ మంచు సంగతి ఏం చెప్పను! మొదటి రోజు చేత్తో పట్టుకుని మురిసిపోయాను. ఇప్పుడు పొద్దున్నే లేచి హోటల్ గుమ్మం ముందు పారతో ఎత్తిపోయడం కూడా నా పనే. పక్కలు మార్చడం, గిన్నెలు తోమడం మామూలే. మా వసతి ఇంటి కప్పు మీంచి జారిపడ్డ మంచు వెనకాల పెద్ద గుట్టయి కూర్చుంది.

ఆ మంచుతో నేనొక వాలు కట్టాలనుకుంటున్నాను. నా నడుం ఎత్తుంటే చాలు. ఎక్కేవైపు ఏటవాలుగా, చివర తెగినట్టుగా ఉండాలి. రెండుసార్లు కడితే రెండుసార్లూ అంచు విరిగిపోయింది. రేవులో ఓడలకీ గట్టుకీ మధ్య బల్లలు వేయించే మేస్త్రీ ఇంట్లోనే ఉండగా వేరేవాళ్ళని అడగడం ఎందుకని నిన్నే అడుగుతున్నాను. ఎందుకు, ఏమిటి అని అడక్కు. అమ్మకి మాత్రం చెప్పొద్దు.

నీ మేనకోడలు,
అరుణ


అహ్లోన్, యాంగోన్, బర్మా
జనవరి

చిరంజీవి అరుణకి మావయ్య సత్తిరాజు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అడగొద్దన్నావు కాబట్టి అడగను. కానీ మీ అత్త అచ్చమ్మ నోరు నేను ముయ్యలేను కదా! నేను చదువుతుండగానే "ఏటీ, పిల్ల సేత మూటలు మోయిస్తన్నారేటి?" అని చీపురు కింద పారేసింది. నాకూ అదే అనుమానం. మన ఇంట్లో వాలు అన్న మాట వచ్చిందంటే దాని మీద ఒక మూట, మూట కింద ఒక మనిషి ఉన్నట్టే. మా తాత ఇచ్ఛాపురం దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చి దిగీ దిగగానే కాలు పెట్టింది ఆ బల్ల మీదే. పక్కలు మార్చడానికని తీసుకెళ్ళి నీ చేత బియ్యం బస్తాలు మోయిస్తున్నారా? ఉన్నమాట చెప్పు తల్లీ.

సరే, మోయక తప్పదంటే పద్ధతిగా మొయ్యి. ముందు బల్ల మొదలు కదలకుండా చూసుకో. నేలని తాకే చోట బల్లకి అడ్డంగా మొండిగా ఒక దిమ్మ వెయ్యి, లేకపోతే మోత పడగానే వెనక్కి జారుతుంది. వాలు పొడుగు సాగదియ్యకు, మోత మీదున్న మనిషికి నాలుగు అడుగులు ఎక్కువైతే గుండె ఆగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పై చివర అడ్డంగా ఒక దుంగ పెట్టు. బల్ల మీదికి ఒక వేలెడు ఎత్తు రావాలి. దుంగ మర్చిపోయినవాడు మేస్త్రీ కాడు. ఇది మాత్రం తప్పకు.

ఇక్కడ అందరూ బాగున్నాం. పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు.

ఆశీస్సులతో,
సత్తిరాజు


హొక్కైడో
ఫిబ్రవరి మొదట్లో

మావయ్య గారికి,

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అమ్మ అంటుంది. నాకు అదే జరిగింది. మీరు రాసినట్టే వాలు మొదట్లో దిమ్మ వేశాను. మీరు రాసినట్టే పొట్టిగా, నిటారుగా కట్టాను. మీరు రాసినట్టే చివర్న దుంగ కూడా పెట్టాను. అంచు విరక్కుండా ఆపడానికేమో అనుకుని దాని మీద మంచు కప్పేశాను. ఒకటి రెండు సార్లు బాగానే ఉంది. ఆ తర్వాత పైన మంచు అరిగి దుంగ బయటపడింది. నా కాళ్ళకి కట్టుకున్న బల్ల ముక్కు దానికి తగిలి ముఖం మీద పడ్డాను. పెదవి చిట్లింది. మోకాలు బూరెలా పొంగింది. రెండు రోజులు పనికి వెళ్ళలేదు.

ఇప్పుడు చెబుతున్నాను వినండి. ఇక్కడ ఎవరూ నా చేత బస్తాలు మోయించడం లేదు. కాళ్ళకి ఒక పొడుగాటి బల్ల కట్టుకుని మంచు కొండ మీంచి జారతారు. అది ఇక్కడి ఆట. నేనూ నేర్చుకున్నాను. ఆ వాలు మీద జోరుగా వచ్చి, చివరి నుంచి గాల్లోకి లేచి, అవతల నిలబడి దిగాలి. అందుకే వాలు కడుతున్నాను. ఫొటో పెడుతున్నాను చూడండి, మా గదిలో ఉండే నేపాల్ అమ్మాయి తీసింది.

ఒక్క మాట అడుగుతాను. పోయిన వారం అమ్మ ఫోన్ చేసి ఏప్రిల్లో తింజాన్ పండగకల్లా వచ్చెయ్యమంది. "మీ మావయ్యతో కూడా మాటాడీసేను" అంది. అంటే అమ్మకి అన్నీ తెలుసా? మీరిద్దరూ అనుకుని నాకు ఆ దుంగ రాశారా? ఇన్నేళ్ళు బల్లలు వేయించిన మనిషి ఇంత తప్పు ఎలా రాస్తాడో నాకు అర్థం కావడం లేదు.

అరుణశ్రీ


అహ్లోన్
ఫిబ్రవరి

అమ్మా అరుణా,

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను "నువ్వు" అన్న పిల్లవి ఈసారి "మీరు" అని రాశావు. పెదవి చిట్లింది నీకైనా ఆ మాట నాకు తగిలింది.

ముందు ఫొటో సంగతి. పద్మిని తెచ్చి ఇస్తే తిప్పి తిప్పి చూశాను. నువ్వు గాల్లో ఉన్నావు, కాళ్ళకి బల్ల అతుక్కుని ఉంది, కింద అంతా తెలుపు. నువ్వేదో కప్పు మీంచి పడిపోతుంటే, పట్టుకోకుండా ఫొటో తీసిన ఆ నేపాల్ పిల్లని మీ అత్త తిట్టిపోసింది. ఇది పడటం కాదు, ఆట అని చెబితే "ఎక్కనేల, దిగనేల? మతి గాని పోయిందేటి గుంటకి?" అంది. వీడియో కూడా పంపావట. అది ఫోన్లో గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఉండగానే కరెంటు పోయింది.

ఇప్పుడు దుంగ సంగతి. నువ్వు చివర్న ఆగుతావనుకున్నానమ్మా. ఎవరైనా చివర్న ఆగుతారు. మన బల్ల చివర తర్వాత ఉండేది నది. మూట నెత్తినున్నవాడికి ముందు కనబడదు. కాలికి దుంగ తగిలితే చివర వచ్చిందని తెలిసి ఆగి, పక్కకి తిరిగి ఓడలోకి దిగుతాడు. ఆ దుంగ లేక మునిగిపోయినవాళ్ళ పేర్లు మా నాన్న భోజనాల దగ్గర చెప్పేవాడు. మనిషన్నవాడు కావాలని బల్ల చివర్నించి ముందుకు పోతాడని నా బుర్రకి ఎలా తడుతుంది? అది అపకారం కాదు. నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే.

మీ అమ్మ, అదే మా అప్ప, మింగళ తౌంగ్‌న్యున్ పేట నుంచి మా ఇంటికి వచ్చిన మాట నిజం. "తమ్ముడూ, నువ్వు సెప్తే ఇంటాది, వచ్చెయ్యమని రాయి" అంది. నీ వాలు సంగతి నేను ఆమెకి చెప్పలేదు. ఆ మాట కూడా నీకు రాయలేదు, ఎందుకంటే ఏం రాయాలో నాకే తెలియలేదు. నువ్వు వస్తే బాగుండునని నాకూ ఉంది. వస్తే సర్కారువాళ్ళు మళ్ళీ దేశం బయటికి పోనిస్తారో లేదో ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు, ఇవాళున్న మాట రేపు ఉండటం లేదు. అందుకని రాకపోతేనే బాగుండునని కూడా ఉంది. కుడితిలో పడ్డ ఎలకలా ఉన్నాను. నీ ఆట ఏమిటో, నీకది ఎందుకో కాస్త విడమర్చి రాయి.

మావయ్య


హొక్కైడో
ఫిబ్రవరి చివర

మావయ్యా,

నువ్వే! ఇంకెప్పుడూ "మీరు" అనను. నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. పెదవి ఇంకా మానలేదు కాబట్టి రెండూ నొప్పే.

దాచింది చెప్పేస్తున్నాను. హోటల్ పని మంచు ఉన్నంతవరకే. ఏప్రిల్లో మంచు కరిగితే ఈ దేశంలో ఉండనిచ్చే నా కాగితాలకీ గడువు తీరిపోతుంది. ఇక్కడ ఇకెదా గారని ఒకావిడ చిన్నపిల్లలకి ఈ జారుడు నేర్పే బడి నడుపుతున్నారు. మార్చి చివర ఆవిడ ఒక పరీక్ష పెడతారు. అది నెగ్గితే బడిలో పని ఇచ్చి, గడువు పొడిగించమని ఆవిడే రాస్తారు. అన్నీ వచ్చు నాకు, ఒక్క ఎగరడం తప్ప. పనివాళ్ళని పిల్లలు జారే చిన్న గుట్ట దాటి పెద్ద కొండ మీదికి రానివ్వరు. అందుకే ఇంటి వెనక సొంత వాలు.

అమ్మకి ఎందుకు చెప్పలేదంటావా? నెగ్గుతానని చెబితే ఏడుస్తుంది. ఓడితే వస్తానని చెబితే ఓడిపోవాలని కోరుకుంటుంది. తల్లి చేత అలా కోరుకోనివ్వడం నాకు ఇష్టం లేదు.

దుంగ తీసేశాను. అయినా పడుతున్నాను. వాలు మొదలుకి రాగానే మోకాళ్ళు నన్ను ఎవరో కింద నుంచి తన్నినట్టు మడతపడతాయి, గాల్లోకి వెళ్ళేసరికే వెనక్కి ఒరిగిపోతాను. ఇంకా ఎత్తు పెంచాలా, తగ్గించాలా? ఇకెదా గారు తన పరీక్షకి తను సాయం చెయ్యకూడదంటారు. నేపాల్ అమ్మాయి "భయపడకు" అంటుంది. భయం ఎక్కడుందో తెలిస్తే కదా తీసెయ్యడానికి! అసలు నేను ఇక్కడ ఉండాలనుకుంటున్నానా, ఇంటికి రావడానికి భయపడి ఉంటున్నానా? అదీ తెలియడం లేదు. నీకేమైనా తోస్తే రాయి.

అరుణ


అహ్లోన్
మార్చి

అరుణా, నాను అచ్చమ్మత్తని.

నాకు రాయడం రాదు, నాను సెప్తంటే పద్మిని రాస్తంది. నాను సెప్పినట్టే రాయమన్నాను, సరిదిద్దితే ఒప్పుకోను.

మీ మావయ్యకి కుడిసెయ్యి ఇరిగిపోయింది. నీకు సెప్పొద్దన్నాడు. అందుకే సెప్తన్నాను. ఎలగ ఇరిగిందంటావా? నీ ఉత్తరం సదివిన కాడ్నించీ ఆ మనిషి అన్నం సరిగా తిన్నేదు. "మంచు ఎలాగుంటాదో, దాని మీద జారితే ఏటవుతాదో" అని ఒకటే గొణుగుడు. మన ఈధి సివర మూసేసిన మిల్లు ఉంది కదా, ఆ ఎనకాల ఊక గుట్టలు. కాపలా కాసే బర్మా ఆయన ఊ తెయిన్‌ని బతిమాలి ఆ ఊకతో వాలు కట్టేడు! మా పెళ్ళినాటి బీరువా తలుపు ఊడపీకి, దానికి కొబ్బరినూని రాసేడు. నడుంకి సుట్టుకునే పాత లొంజీ సింపి కాళ్ళు దానికి కట్టేసుకున్నాడు. అరవై ఏళ్ళు దగ్గరపడ్డ మనిషి! ఊ తెయిన్ నవ్వి నవ్వి కూలబడిపోయేడట.

పడ్డాడు, మళ్ళీ ఎక్కేడు. పడ్డాడు, మళ్ళీ ఎక్కేడు. "ఏటయ్యా నీకిది?" అంటే "అది ఎందుకు పడతందో నాకు తెలాల" అంటాడు. ఆకరికి సెయ్యి కింద పెట్టి పడ్డాడు. కట్టు కట్టేరు. బాగానే ఉన్నాడు, తింటన్నాడు, నన్ను కసురుతున్నాడు.

నాకు ఒక్క ముక్క కూడా అర్తం కాదు అరుణా. నువ్వక్కడ పడ్డావు, ఈయనిక్కడ పడ్డాడు. మీ ఇద్దరికీ మద్దిన సముద్రం ఉంది గాని మతి ఒకటే. నువ్వు మాత్రం సెయ్యి కింద పెట్టి పడకు.

అత్త


అహ్లోన్
మార్చి మూడో వారం

అరుణా,

ఎడం చేత్తో రాస్తున్నాను. కోడి గీరినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువుకో. మీ అత్త అంతా చెప్పేసిందని తెలిసింది. బీరువా తలుపు మళ్ళీ బిగించి ఇచ్చేదాకా నాకు టీ లేదంది.

పడితే పడ్డాను గానీ నీ మోకాలి సంగతి తేలింది. వాలు నేలని తాకే చోట నేను నీకు మొండిగా దిమ్మ వెయ్యమన్నాను చూడు, అక్కడే ఉంది తంటా. అక్కడ మూల తిరిగింది. మనిషి మూట మోసుకుని ఒక్కొక్క అడుగూ వేస్తే ఆ మూల తెలియదు. జోరుగా వస్తే అదే తంతుంది. రేవులో తోపుడుబండి బల్ల ఎక్కేటప్పుడు కూడా చక్రం అక్కడే ఎగిరి బస్తా పడిపోయేది. అప్పుడు ఆ మూలలో తడిమట్టి వేసి గిన్నె అడుగులా నున్నగా మెత్తేవాళ్ళం. అది నాకు ముందే గుర్తు రావలసింది. మొదట్లో నువ్వు జారుతావని తెలియదు, తెలిశాక బుర్ర పనిచెయ్యలేదు. దిమ్మ తవ్వి పారెయ్యి. ఎక్కడ నేల అయిపోయిందో, ఎక్కడ వాలు మొదలైందో నీ కాలికే తెలియనంత పొడుగ్గా, ఒంపుగా పొయ్యి. ఊకతో అలా పోశాక నేను ఒక్కసారి పడకుండా దిగాను. ఆ ఒక్కసారి ఏమైందో నాకు తెలియదు గానీ, దిగి నిలబడితే కళ్ళనీళ్ళు వచ్చాయి. చెయ్యి విరిగింది ఆ మర్నాడు, ఇంకోసారి చూద్దామన్న ఆశకొద్దీ.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి నా చెయ్యి విషయం తెలిసి ఊడిపడింది. అన్నీ చెప్పక తప్పలేదు. మిల్లు వెనక్కి నన్ను లాక్కెళ్ళి "ఇదేనా? దీనికోసమేనా నా బిడ్డ నాకు కాకుండా పోతంది?" అని ఆ తలుపు పీకి పారెయ్యడానికి గుట్ట ఎక్కింది. ఊక సంగతి నీకు తెలుసు కదా, కాలు నిలవదు. తలుపు మీద కూలబడింది. తలుపు కదిలింది. మా అప్ప చీర కుచ్చెళ్ళు రెండు చేతుల్తో పట్టుకుని, నోరు తెరుచుకుని, ఆ చివర్నించి ఈ చివరకి జారి, వాలు మీంచి జానెడు పైకి లేచి, ఊకలో దబ్బున కూర్చుంది.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. జుట్టు నిండా ఊక, కనుబొమ్మల మీద ఊక. కళ్ళ మీది ఊక తుడుచుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మీ నాన్న పోయాక మా అప్ప అలా నవ్వడం నేను చూడలేదు. లేచి మళ్ళీ గుట్ట ఎక్కింది. నేను వద్దనలేదు.

రెండోసారి దిగాక ఊకలోనే కూర్చుని అడిగింది. "అదీ ఇదే సేస్తందేటిరా?"

"ఇదే. ఇంకా ఎత్తు, ఇంకా జోరు."

"పరీచ్చ పోతే వచ్చేస్తాదా?"

"వచ్చేస్తుంది."

"వచ్చేక మళ్ళీ ఎల్లనిస్తారేటి?"

"ఎవరికి తెలుసప్పా?"

చీర దులుపుకుని గేటు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరక్కుండానే "ఆ దుంగ తీసెయ్యమని రాయి" అంది. అది నువ్వు ఎప్పుడో తీసేశావని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

మావయ్య


హొక్కైడో
ఏప్రిల్ మొదట్లో

మావయ్యా, అత్తయ్యా, ఈ ఉత్తరం అమ్మని కూర్చోబెట్టి చదివి వినిపించండి.

ముందుగా, నెగ్గాను. ఇకెదా గారు కాగితాలు పంపారు. చలికాలం వస్తే చిన్నపిల్లల తరగతి నాదే, అప్పటిదాకా బడి వంటింట్లో పని. తింజాన్‌కి రాలేను. మళ్ళీ ఎప్పుడు వస్తానో కూడా చెప్పలేను. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయడం నాకు చేతకాలేదు, మూడు కాగితాలు చింపాను. సంతోషంగా ఉందా అని అడిగితే ఉంది. అమ్మ పెట్టే ఎండుచేపల పులుసు గుర్తొచ్చి గిన్నెల దగ్గర నిలబడి ఏడ్చాను కూడా. రెండిట్లో ఏది నిజమో నాకు తెలియదు, రెండూ నిజమేనేమో.

నీ ఉత్తరం పరీక్షకి మూడు రోజుల ముందు వచ్చింది, మావయ్యా. దిమ్మ తవ్వేసి, నువ్వు చెప్పినట్టు గిన్నె అడుగులా పోసి, నీళ్ళు చల్లి గడ్డ కట్టనిచ్చాను. మర్నాడు ఎక్కితే మోకాళ్ళని ఎవరూ తన్నలేదు. లేచాను, దిగాను, నిలబడ్డాను. నిలబడ్డానని నమ్మలేక అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

నీ చెయ్యి ఎలా ఉంది? అత్తయ్యా, మొదటి జీతంతో కొత్త బీరువా.

అమ్మా, పరీక్ష రోజు పొద్దున్న ఆఖరిసారి ఇంటి వెనక్కి వెళ్ళాను. దుంగ నేను ఎప్పుడో తీసేశాను. అయినా నువ్వు చెప్పావు కదా అని, వాలు చివర వంగి, చేతి తొడుగు తీసి, మంచంతా తడిమి చూశాను. ఏమీ లేదు. అప్పుడు ఎక్కాను.

అరుణ